రోగినే దిద్దుకోండి

ఆస్పత్రి కాగితంలో తప్పు పడిందని లబోదిబోమనే ఏలూరు, గూడెం, కొల్లేటి లంకల జనానికి ఓ ఉచిత సలహా. రికార్డు జోలికి పోకండి, రోగిని మార్చుకోవడమే తేలిక. కేస్ షీట్లో ఎడమ మోకాలని ఉంటే నొప్పిని ఎడమకి తెచ్చుకోండి.

కైకలూరు వైపు నుంచి ఒకాయన వచ్చాడనుకుందాం. బీపీ ఎన్నాళ్ల నుంచి అంటే, "పది నెలలండి" అన్నాడు. రాత్రంతా కన్ను మూయని కుర్రడాక్టరు చేతిలో పది పక్కన నెల పోయి ఏడాది కూర్చుంది. డిశ్చార్జి సమ్మరీలోకీ అదే ఎక్కింది. బీమా కంపెనీకి ఇంతకంటే పండగేముంది? జబ్బు దాచి పాలసీ తీసుకున్నావని క్లెయిము కొట్టేసింది.

"పదేళ్లని నేననలేదండీ బాబూ" అంటే, "సిస్టంలో లాకైపోయిందండి, డాక్టరుగారు రాసివ్వాలి" అంది కౌంటరులో అమ్మాయి. డాక్టరుగారికి పోస్టింగు మారింది. రికార్డు సెక్షను వాళ్లు నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. తన బీపీ వయసు మీద స్టాంపు పేపరుపై ప్రమాణం చేసి పట్టుకెళ్తే, ఆధార్‌లో ఇంకా కృష్ణా జిల్లా అనే ఉందని తిప్పి పంపారు. 2022 ఏప్రిల్‌లో కైకలూరు ఏలూరు జిల్లాలో కలిసింది. జిల్లాను మార్చగలిగిన సర్కారు రాజ్యంలో ఏడాదిని నెల చేసే నాథుడు లేడు.

చట్టం లేదా అంటే, బ్రహ్మాండంగా ఉంది. రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళే చెబుతోంది. అంటే తప్పు మూడు రోజుల్లో చేతికొస్తుంది. దాన్ని దిద్దించుకునే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పుట్టింది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ఆ హక్కు అమలుకు ఇంకో 18 నెలల గడువు పెట్టారు. ఇదే నడకైతే ఈలోగా ఆయన బీపీకి నిజంగానే పదేళ్లు నిండి, రికార్డు దానంతటదే ఒప్పయిపోతుంది!

ఒక్కడి గొడవ సరే, ఊరి సంగతేంటి? 2020 డిసెంబరులో ఏలూరు వన్‌టౌన్‌లో ఓ జబ్బు మొదలై, నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఫిట్స్‌తో పడిపోయారు. ఆరువందల మందికి పైగా జబ్బుపడ్డారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది ఢిల్లీ ఎయిమ్స్. తర్వాత వేళ్లు పురుగుమందుల వైపు తిరిగాయి. జబ్బు పేరు మాత్రం ఈనాటికీ "వింత వ్యాధే". వింత అని రాసి ఊరినంతా డిశ్చార్జి చేసినట్టే. పోనీ దిద్దించుకుందామా అంటే, ఏ కౌంటరులోనైనా ముందడిగేది ఆధార్ నంబరు. ఊరికి అది లేదాయె.