పశ్చిమదిక్పాలకులవారికి అశోక్ చౌక్ నుండి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వరుణదేవులవారి సముఖమునకు, షోలాపురము అశోక్ చౌక్ వాస్తవ్యుడగు ఒక పద్మశాలి విన్నవించుకొనునది:

మా తాతముత్తాతలు కాటకములకు జడిసియు, మగ్గములకు మిల్లులకు పేరొందిన ఊరిలో పని దొరకునన్న ఆశచేతను, నిజాము రాజ్యములోని తెలుగు సీమలను విడిచి ఆంగ్లేయుల బొంబాయి రాజధానికి వలసవచ్చినప్పుడు, ఇంద్రుని తూర్పుదిక్కును దాటి తమ యేలుబడిలో అడుగిడుచున్నామని ఎరిగినవారు కారు. నాటినుండి మేము తమ ప్రజలమే. కొంకణపు బెస్తలు తమకు టెంకాయలు సమర్పించు నారళీ పూర్ణిమనాడే మా వీధులలో మార్కండేయుని రథము లాగుచున్నాము. ఆ కోలాహలము తమ చెవిని పడలేదనుటకు వీలులేదు.

అట్టి మాయెడ తమ పంపక మెట్టిదో చిత్తగింపుడు. అరేబియా సముద్రమునుండి తమరు పంపు మేఘములు సహ్యాద్రి నెదుర్కొని, పైకెగసి, చల్లబడి, మహాబలేశ్వరముననే యేటికి 5,000 మిల్లీమీటర్లకు మించి కురిసి, ఆవలికి దిగునప్పటికి వట్టి గాలియై మిగులును. మాకు దక్కునది అందులో ఐదవవంతైనను కాదు. శాస్త్రజ్ఞులు చెప్పు కారణ మిది. మాకు మాత్రము సర్కారు ధాన్యము దారిలోని గుమాస్తాల యిండ్లలో దిగిపోయినట్లే తోచును. వైశాఖమున ఎండ 43, 44 డిగ్రీల కెక్కినప్పుడు, రేకుల కప్పుక్రింద మరమగ్గము లాడుచుండగా, తేమలేని గాలికి పడుగుపోగులు పెళుసెక్కి పుటుక్కున తెగును. అదే వేళ మా యాడువారు బీడీలకై తడిపి గోనెలో చుట్టిన తునికాకు కత్తెర పట్టునంతలో ఎండి పగులును. చద్దరులకు దేశమంతట పేరొందిన ఈ ఊరిలో, చద్దరు కప్పుకొనదగిన చలి యెన్నాళ్ళని మాత్రము అడుగకుడు.

ఇక 2020 అక్టోబరు సంగతి. ఆ నెల 13వ తేదీన బంగాళాఖాతపు వాయుగుండము కాకినాడ చెంత తీరము దాటి, హైదరాబాదును ముంచి, మరునాటికి మా జిల్లాపై బడెను. మా పెద్దలు వచ్చిన త్రోవనే అదియు వచ్చినది, వారివలె పని వెదకికొనుటకు గాక ఉన్న పనిని చెరుపుటకు. భీమానది పొంగి ఊళ్ళు నీట మునిగెను. 44 డిగ్రీలు చూచిన మాకు, గంజిపెట్టిన నూలు ఆరవేయుటకు ఎండ కరవయ్యెను. ఇది ఇంద్రునివారి సరకు, మాకు సంబంధము లేదని తమ కచేరీవారు త్రోసిపుచ్చవచ్చును. కాని పడమటి వాన రానప్పుడు తమ ప్రజలము, తూర్పు వాన ముంచినప్పుడు ఆయన ప్రజలము అగుట ఏ ధర్మశాస్త్రమున నున్నది?

కావున మేము ఏ దిక్పాలకుని పద్దులో నున్నామో నిర్ణయించి ఆషాఢములోపల తెలియజేయ ప్రార్థన. ప్రత్యుత్తరము మరాఠీ నున్నను తెనుగు నున్నను చదువుకొందుము. పిడుగుచేత మాత్రము పంపవలదు, కరెంటు పోయినచో మగ్గములు నిలిచిపోవును.