ఆ కన్నీళ్లు కారప్పొడివండీ

పదకొండు రోజులుగా మా చర్చి హాల్లో, కాఫీ బల్ల వెనక గోడకి, తలుపంత ఫొటో ఒకటి వేలాడుతోంది. అందులో ఇరవయ్యేళ్ల జపాన్ కుర్రాడొకడు తల వంచుకుని కూర్చున్నాడు. రెండు కళ్లూ ధార కట్టి ఉన్నాయి. పక్కన నేను. నా చెయ్యి వాడి వీపు మీద. కింద పెద్ద అక్షరాల్లో ‘సప్పోరోలో ఒక హృదయం కరిగిన వేళ’ అని రాయించారు.

ఆ కన్నీళ్లు కారప్పొడివండీ. మా అమ్మ ఒంగోల్లో మిరపకాయలు ఎండబెట్టి, వెల్లుల్లి వేసి దంచి, నాలుగు కవర్లలో చుట్టి పంపిన కారప్పొడివి. నా చెయ్యి వీపు మీద ఉన్నది ఓదార్చడానికి కాదు, పొలమారినందుకు తట్టడానికి.

ఈ ముక్క పాస్టరు గారికి చెప్పాను. ఆయన నా వినయానికి మురిసిపోయారు. ఫొటో తీసిన కోఆర్డినేటరమ్మాయికి చెప్పాను. ‘దేవుడు కారాన్ని కూడా వాడుకుంటాడు’ అంది. దానికి ఏ బాప్టిస్టు మాత్రం ఏమని జవాబు చెప్పగలడు?

అది చాలదన్నట్టు ఓ ఫారం. సప్పోరో నుంచి తిరిగొచ్చినవాళ్లందరూ నింపాలి. ‘కొత్తగా ఏర్పడిన స్నేహాలు (అంకెల్లో)’. దాని కింద ‘లోతైన సంభాషణలు’. దాని కింద ‘నిర్ణయాలు’, అంటే ఎంతమంది క్రీస్తుని నమ్ముకున్నారని. అంకెల్లోనట! కందిపప్పు కిలోల్లో, పాలు లీటర్లలో, స్నేహాలు అంకెల్లో. నాది ఇంకా అందలేదని ఆ అమ్మాయి రోజు విడిచి రోజు మెయిలు పెడుతోంది, చివర ఓ నవ్వుముఖం తగిలించి. వడ్డీ వ్యాపారి కూడా బాకీ ఇంత నవ్వుతూ అడగడు.

వేసవి మిషన్ ట్రిప్పంటే ఏమిటో కొత్తగా చెప్పేదేముంది. ఒకే రంగు టీషర్టులు, చందాలడిగే ఉత్తరాలు, విమానాశ్రయంలో చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ప్రార్థన, సెక్యూరిటీవాళ్ల చూపులు. ఎనిమిదిమంది టెక్సస్ కాలేజీ పిల్లలు, తొమ్మిదోవాణ్ణి నేను. నాకు నలభై తొమ్మిది. నన్నెందుకు ఏరుకున్నారంటే, నేనూ ఆసియావాణ్ణే కాబట్టి అక్కడి పిల్లలకు దగ్గరివాడిలా కనిపిస్తానట. ఒంగోలుకి సప్పోరో ఎంత దగ్గరో మ్యాపులో చూపిద్దామనుకుని ఊరుకున్నాను.

మా ఆవిడ ఊరుకోలేదు. “ఏమండీ, పక్కింటాయన పేరు ఆరేళ్లుగా మీకు తెలీదు. ఇరవై నిమిషాల దూరంలో యూనివర్సిటీ ఉంది, మన గుంటూరు పిల్లలూ నెల్లూరు పిల్లలూ ఒక్కో అపార్ట్‌మెంట్లో ఆరుగురేసి సర్దుకుంటున్నారు. వాళ్లని ఓ పూట భోజనానికి పిలుద్దామంటే మీకు నడుం నొప్పి. స్నేహం చెయ్యడానికి సప్పోరో దాకా పోవాలా?” అంది. నేను ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకున్నాను. మా ఇంట్లో అది పాత ఉపాయం.

మా అమ్మ తన పెన్షన్లోంచి ఐదువేలు పంపింది. వద్దంటే వినదే. “అప్పుడు వాళ్లు మనకి పంపారు, ఇప్పుడు మనం పంపాలి” అంది. అప్పుడంటే 1866. అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన ఏడు. మా వైపు బాప్టిస్టుల ఇళ్లలో కాలానికి రెండే భాగాలు: దొరకి ముందు, దొర తర్వాత. ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు పట్టి జనానికి తవ్వకం పని చూపించాడు. కూలి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని, ఆ కరువు రోజులు గడిచేదాకా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజులో, 2,222 మంది! మా తాతగారి నాయనమ్మ ఆ లెక్కలో ఉందని మా ఇంట్లో నమ్మకం. ఒంగోలు చుట్టుపక్కల ప్రతి బాప్టిస్టు ఇంట్లోనూ ఇదే నమ్మకం. అందరి నాయనమ్మల్నీ కూడితే ఆ రోజు గుండ్లకమ్మ గట్లు తెగి ఉండాలి.

నా నెత్తిన ఆ 2,222 ఉండగా వెళ్లాన్నేను.

వెళ్లేముందు మూడు శనివారాలు శిక్షణ. స్నేహం చెయ్యడమెలా అన్న విషయం మీద పంచ్ చేసిన కాగితాల ఫైలు. మొదటిసారి కలిసినప్పుడు తిండి, వాతావరణం. రెండోసారి కుటుంబం. మూడోసారి జీవితానికి అర్థం. ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాడు చీరాల వచ్చేలోపు పక్కసీటాయన జీతం, కులం, అల్లుడి ఉద్యోగం, ఆపరేషన్ కుట్లు అన్నీ తెలుసుకుని దిగుతాడు. అలాంటి నాకు మూడు శనివారాలు!

మమ్మల్ని పంపింది సప్పోరోలోని హొక్కైడో యూనివర్సిటీకి. ఆ ఆవరణలో విలియం క్లార్క్ గారి విగ్రహం ఉంది. మసాచుసెట్స్‌లో వ్యవసాయ కళాశాల అధ్యక్షుడు. 1876లో సప్పోరో వచ్చి, ఎనిమిది నెలలుండి, వ్యవసాయంతోపాటు బైబిలూ చెప్పి, 1877 ఏప్రిల్లో గుర్రమెక్కి వెళ్లిపోయాడు. మాలాంటి రాకపోకల బ్యాచీలకి ఆయనే మూలపురుషుడు. తర్వాతి ఏడు చేరిన పిల్లలైతే ఆయన మొహమే చూడలేదు. ఆయన రాసిపెట్టి వెళ్లిన విశ్వాసుల ఒడంబడిక మీద సంతకం పెట్టమని సీనియర్లు వాళ్ల వెంటపడ్డారు. తనని బలవంతాన పెట్టించారని ఉచిమురా కాన్‌జో అనే ఆయన పెద్దయ్యాక పుస్తకంలోనే రాసుకున్నాడు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని ర్యాగింగంటారు. ఆ బ్యాచీలో ఏడుగురు 1878 జూన్ 2న బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడ ఏడుగురు, నెల తిరిగేసరికి మా గుండ్లకమ్మలో 2,222. ఫారం నింపాల్సి వస్తే సప్పోరోవాళ్లు తల ఎత్తుకోలేకపోయేవారు. కానీ ఆ ఏడుగురిలో ఉన్న ఉచిమురాయే తర్వాత చర్చి అనేదే అక్కర్లేని క్రైస్తవం ఒకటి మొదలుపెట్టాడు. చర్చి లేకపోతే హాలుండదు, హాలు లేకపోతే గోడ ఉండదు, గోడ లేకపోతే ఫొటో ఉండదు. మహానుభావుడు.

మేం జూన్‌లో వెళ్లాం. అమెరికాలో సెలవులు, అక్కడ మాత్రం క్లాసులు. పిల్లలు సైకిళ్ల మీద మా ముందునుంచి రయ్యిన పోతున్నారు. ఉచిత ఇంగ్లిష్ సంభాషణ అని అట్టముక్క పట్టుకుని తొమ్మిదిమందిమీ పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ నిలబడ్డాం. మా వెనక నోటీసు బోర్డు మీద జపనీస్‌లో ఓ పోస్టరు. అందులో ఏముందని ఒకమ్మాయినడిగితే, చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి చెప్పింది: ముక్కూమొహం తెలియనివాళ్లు నవ్వుతూ దగ్గరికొచ్చి, ఉచితంగా ఇంగ్లిష్ నేర్పుతామని, భోజనానికి రమ్మని పిలిస్తే జాగ్రత్తగా ఉండండి అని. మత సంస్థల పేరుతో అక్కడ జరిగిన ఘోరాలు తక్కువ కావు, వాళ్ల భయం వాళ్లది. మేం మాత్రం ఆ పోస్టరుకి వేసిన బొమ్మలా ఉన్నాం.

పలకరించినవాళ్లు కూడా ఎంతో మర్యాదగా, ‘చొత్తో...’ అని సాగదీసి, తల కొంచెం పక్కకి వంచి, వాక్యం పూర్తి చెయ్యకుండా వెళ్లిపోయేవాళ్లు. చొత్తో అంటే ‘కొంచెం’. కొంచెం ఏమిటన్నది చెప్పరు. టెక్సస్ పిల్లలు దాన్ని ‘కొంచెం ఆసక్తి ఉంది’ అని డైరీల్లో రాసుకున్నారు. నాకు మొదటిసారికే అర్థమైపోయింది. అది మన ‘చూద్దాం లెండి’. పెళ్లిచూపులయ్యాక ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అన్నంత ఖచ్చితమైన మాట.

నాలుగోరోజున ఒక కుర్రాడు ఆగాడు. ఊరేదని అడిగాడు. డాలస్ అన్నాను. కాదు, అసలు ఊరు అన్నాడు. అసలు ఊరు చెప్పుకునే అవకాశం అమెరికాలో ఈ ఇరవై రెండేళ్లలో నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. హైదరాబాద్ దగ్గర అంటాం, మద్రాసుకి పైన అంటాం. ఎలాగూ తెలీదులే అని ఒంగోలు అన్నాను. వాడి కళ్లు పెద్దవయ్యాయి. “ఒంగోలు! మూపురం!” అని వీపు మీద చేత్తో కొండ గీశాడు. పశుశాస్త్రం చదువుతున్నాడట. బ్రెజిల్లో నెలోర్ అనే పశువులు మావేననీ, ఇండోనేషియాలో ఒంగోలు పేరుతోనే ఓ జాతి ఉందనీ నాకు వాడే చెప్పాడు. రెండు గంటలు ఎద్దుల గురించే మాట్లాడుకున్నాం. జీవితానికి అర్థం మా మధ్యకి రానేలేదు.

ఆ సాయంత్రమే సూప్ కర్రీ. దీని గురించి రెండు మాటలు చెప్పాలి, రెండుతో ఆగనని ముందే మనవి. సప్పోరోలో 1970ల్లో పుట్టిన వంటకం. మన కంటికి అది చార్లో జారిపడ్డ కోడికాలు. లోతు గిన్నెలో పలచటి పులుసు, అందులో కాలు మునిగీ మునగకుండా ఉంటుంది. చుట్టూ వంకాయ, గుమ్మడి, క్యారెట్, బెండకాయ. ముక్కలనడానికి మనసొప్పదు, కూరగాయల బజారే తేలుతుంటుంది. అన్నం విడిగా వేరే పళ్లెంలో. కలుపుకోకూడదు! చెంచాతో అన్నం తీసి, ఆ చెంచాని పులుసులో ముంచి నోట్లో పెట్టుకోవాలి. అన్నం ఎదురుగా, పులుసు ఎదురుగా, రెండూ కలవకూడదు. కొత్త పెళ్లికొడుక్కి ఆషాఢమాసం ఇలాగే ఉంటుంది. నేను చుట్టూ చూసి, ఎవరూ చూడకుండా గిన్నె పళ్లెంలోకి ఒంపబోయాను. వడ్డించే ముసలావిడ చూసింది. ఏమీ అనలేదు. తల కొంచెం పక్కకి వంచింది. చొత్తో.

హాస్టల్లో అన్నం తినకూడదు, కర్రీతో అయితే తినొచ్చు అని క్లార్క్ గారే రూలు పెట్టారని అక్కడ ఓ కథ ఉంది. కాగితం మీద రుజువు లేదంటారు. నాకు మాత్రం నమ్మాలనే ఉంది. అన్నం విషయంలో రాజీపడ్డ అమెరికన్ ఒక్కడైనా చరిత్రలో ఉండాలి కదా.

ఇక కారం. చాలా చోట్ల ఎంత కారం కావాలో అంకెల్లో చెప్పాలి. అక్కడా అంకెలే! మేం వెళ్లినచోట అదృష్టవశాత్తూ మెట్లకి పేర్లున్నాయి. మేలుకొలుపు, ధ్యానం, మూర్ఛ, నిర్వాణం, దానిపైన స్వర్గం, ఇంకా పైన ఆకాశం, ఆఖర్న శూన్యం. సువార్త కోసం పోగైన చందా డబ్బుతో నిర్వాణం ఆర్డరివ్వొచ్చా అన్నది మా సంఘ నియమావళిలో లేదు. ఇచ్చాను. వచ్చింది. మా ఇంట్లో జ్వరం తగ్గినవాడికి పథ్యంగా పోసే చారు నయం. నిర్వాణం ఇంత చప్పగా ఉంటుందని తెలిస్తే ఎంతమంది తపస్సు మానేసేవారో! జేబులోంచి అమ్మ పొట్లం తీశాను.

“ఒంగోలు?” అన్నాడు కుర్రాడు పొట్లం చూసి.

“ఒంగోలే” అన్నాను గర్వంగా.

శాస్త్రం చదివే పిల్లాడు కదా, పరీక్షించి చూద్దామనుకున్నాడు. నేను నోరు తెరిచేలోపు చెంచాడు తీసి తన గిన్నెలో కలిపేశాడు. తర్వాత జరిగింది మా చర్చి హాల్లో చూడొచ్చు. పక్క బల్ల దగ్గర్నుంచి కోఆర్డినేటరమ్మాయి చూసింది, ఫోను తీసింది. గిన్నె మాత్రం ఫొటోలో పడలేదు. పడినా కత్తిరించి ఉంటారు.

వాడు నిజంగా మనసు విప్పింది ఆ రోజు కాదు. వెళ్లేముందు రోజు సాయంత్రం, క్లార్క్ గారి ఆలోచన ప్రకారం 1877లో కట్టిన పాత కొయ్య పశువుల కొట్టం ఆ ఆవరణలోనే ఉంటే, చూపిస్తానని తీసుకెళ్లాడు. దాని ముందు గడ్డిలో కూర్చున్నాం. హొక్కైడో తూర్పున వాళ్ల నాన్నకి పాడి ఉందట. అరవై ఆవులు. మేత ధర పెరిగి, అప్పు పెరిగి, ఈ శరదృతువులో అమ్మేస్తున్నారట. చదువు పూర్తయ్యేసరికి తను తిరిగి వెళ్లడానికి కొట్టం ఉండదు. ఏడవలేదు. గడ్డిపోచ తుంచుతూ మామూలుగా చెప్పాడు. ట్రాక్టరు కొన్న ఏడాది మా తాత ఎడ్లజత అమ్మి రెండ్రోజులు అన్నం ముట్టలేదని చెప్పాను. ఎడ్ల పేర్లేమిటని అడిగాడు. నాకు గుర్తు రాలేదు. తర్వాత బస్సు టైమైంది. లేస్తూ, “మీ నాన్నగారి కోసం ప్రార్థన చేస్తాను” అన్నాను.

చెయ్యలేదు. ఇంటికొచ్చాక జెట్ లాగ్, ఆఫీసు, ఫారం. నేనన్న ఆ మాట కూడా ‘చూద్దాం లెండి’ లాంటిదేనని వాడికి తెలుసో తెలీదో. వినీ వినగానే కనిపెట్టే జాతి వాళ్లది.

తొమ్మిది రోజుల క్రితం వాడి నుంచి మెసేజీ వచ్చింది. ఆ రోజు మనం కలిసి తిన్నప్పటి ఫొటో ఏదైనా ఉందా, అమ్మకి చూపించాలి అని. ఉంది. తలుపంత ఉంది. ఏమని పంపను? కింద రాసిన మాటలతో పంపితే, నోటీసు బోర్డు మీది పోస్టరు నిజమేనని వాడికి తేలిపోతుంది. మాటలు కత్తిరించి పంపితే నేను గిన్నె కత్తిరించినవాణ్ణవుతాను. ఇవేవీ కాక కోఆర్డినేటరమ్మాయి వాడి మెయిలు అడ్రసు అడుగుతోంది, ఫాలో అప్ కోసం. ఇవ్వలేదు. ఫారంలో ‘స్నేహాలు’ అన్న గడిలో ఒకటి అని వేశాను, కొట్టేశాను, మళ్లీ వేశాను.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. చర్చివాళ్లు పెట్టిన ఫొటో ఎవరో వాట్సాప్‌లో తిప్పితే ఒంగోలు దాకా చేరిందట. ఎంతమంది అని అడుగుతుందేమోనని గుండె రాయి చేసుకున్నాను.

“ఒరే, ఆ పిల్లాడెందుకలా ఏడుస్తున్నాడ్రా?” అంది.

“నీ కారప్పొడికేనమ్మా.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కోపంగా అంది.

“నెయ్యి వెయ్యకుండా పెట్టావా ఆ పసివాడికి?”