కోసిగి బల్ల శాసనానికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. ప్రబంధకవులను వావిళ్ల వారు వ్యాఖ్యలతో సహా అచ్చు వేశారు. బడి బల్లమీద కంపాసు ముల్లుతో చెక్కిన కవికి మాత్రం ఇంతవరకు వ్యాఖ్యాత లేడు. దొరికిపోతే గోడకుర్చీ తప్ప సన్మానమూ లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ పూనిక. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథుడు ముందే మాట ఇచ్చాడు. మొదటి మాట మేమూ ఇవ్వగలం. రెండోది వ్యాఖ్యాతలకు నిలబెట్టుకోవడం కష్టం.

గుంతకల్లు నుంచి రాయచూరు పోయే రైలుదారిలో, ఆదోని దాటాక, మంత్రాలయం రోడ్డుకు ముందు కోసిగి స్టేషన్ వస్తుంది. ఈ శాసనం ఆ చుట్టుపక్కల హైస్కూళ్లలో కిటికీవైపు చివరి వరుస బల్లలమీద, అక్షరం అటూ ఇటూగా కనిపించే రకం. ఏ బడి అని అడగరాదు. కవి ఇంకా అక్కడే చదువుతూ ఉండవచ్చు, హెడ్మాస్టరు గారికి పత్రికలు చదివే అలవాటు ఉండవచ్చు.

మూలం:

ఈ సీటు మా ఈరన్నది. సుగ్గికి పోయినాడు. ఉగాదికి వస్తాడు. అంతవరకు ఎవురూ కూచోరాదు. కూచుంటే ఇంటర్‌బెల్లులో ఉంది. — 9 బి

కాలనిర్ణయం: ఇది ప్రభుత్వ బడులను బాగుచేసిన నాడు-నేడు పథకం కింద వచ్చిన జంట బల్ల. ఆ పథకం 2019 నవంబరు 14న మొదలైంది కనుక శాసనం అంతకు ముందుది కాదు. అంతకు ముందు ఎన్నో బడుల్లో పిల్లలు నేలమీదే కూర్చునేవారు. బండమీద కంపాసు ముల్లు దిగదు, కవిత్వం సుద్దముక్కతో రాస్తే సాయంత్రానికి చీపురు పాలు. ఇంత సాహిత్యం పుట్టిస్తుందని ఆ పథకం వేసినవారు అనుకొని ఉండరు.

ప్రతిపదార్థం:

ఈ సీటు = బల్లలో కిటికీ పక్క సగం. గాలి వస్తుంది, రైలు కూత వినబడుతుంది, సారు చూపు ఆలస్యంగా చేరుతుంది. సింహాసనమని కొందరు.

మా = శాసనానికి ప్రాణం ఈ ఏకాక్షరం. హాజరు ఇప్పుడు ఫోన్ యాప్‌లో పడుతుంది. అందులో ఈరన్న పేరుకెదురుగా నెలల తరబడి గైర్హాజరే. లెక్క ప్రకారం అతడు బడికి రాని పిల్లవాడు. 'మా' అని గీకి 9 బి ఆ లెక్కను ఒప్పుకోనంది.

ఈరన్నది = ఈరన్నకు చెందినది. ఏ ఈరన్న? కౌతాళం మండలం ఉరుకుందలోని ఈరన్నస్వామి పేరు ఈ పడమటి పల్లెల్లో ఎందరికో ఉంది. శ్రావణమాసం జాతరలో "ఈరన్నా" అని కేక వేస్తే పదిమంది తిరిగి చూస్తారు. కనుక ఇది ఒక్క పిల్లవాడి పేరని పట్టుకోక, జాతివాచకంగా గ్రహించాలి.

సుగ్గికి = వలసపనికి. ఇక్కడ కొంచెం ఆగాలి. తుంగభద్ర ఈ ప్రాంతం అంచునే పారుతున్నా పొలాల్లో చాలా భాగం వానకే మొహం ఎత్తి చూస్తాయి. ఆ పంట చేతికొచ్చిందో పోయిందో తేలాక, దసరా దీపావళి దాటి ఊళ్లు కదులుతాయి. పత్తి తీతకు తెలంగాణకు, కర్ణాటకకు. మిరపకోతకు గుంటూరు వైపు. కట్టడం పనులకు బెంగళూరుకు. బొలేరోల్లో బియ్యం మూటలు, గిన్నెలు, వాటిమీద పిల్లలు. వీధుల్లో తాళాలూ ముసలివాళ్లూ మిగులుతారు. తరగతిలో పల్లు ఊడిన నోరులా వరుసలు ఖాళీ అవుతాయి.

పూర్వపక్షం: తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు ఆగి చదువుకోవాలని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది కదా, ఈరన్న ఎందుకు పోవాలి? సమాధానం: పత్తి తీతకు కూలి కిలో లెక్కన. చేతులు రెండు కలిస్తే కిలోలు కలుస్తాయి. పైగా అమ్మ సాలులో వంగితే గట్టుమీది చంటిదాన్ని ఎత్తుకోవడానికి ఒకరు కావాలి. కొందరు హాస్టల్లోనో అవ్వ దగ్గరో ఆగుతారు, ఈరన్న ఆగలేదు. ఇంకో పూర్వపక్షం: అయితే చదువు పోయినట్టేనా? పోదు, వేరే దారి పడుతుంది. కిలోల్ని రూపాయల్లోకి నోటిలెక్కన మార్చడంలో అతణ్ణి మించినవాడు 9 ఎ లో లేడు. కన్నడం ముందే వచ్చు, తెలంగాణ యాస కొత్తగా పట్టుకొని తిరిగొస్తాడు. ఈలోగా లెక్కల నోట్సు ఫొటోలు వాట్సాప్‌లో మిరపతోటకు చేరుతుంటాయి. వాటిని అతడు చదివాడా అని అడగడం అరసికత్వం. పంపడమే ఇక్కడ విశేషం.

పోయినాడు = భూతకాలం. వస్తాడు = భవిష్యత్తు. వర్తమానంలో ఏమున్నదని శంక. సీటున్నదని సమాధానం.

ఉగాదికి = వలసపోయినవారు ఊరు చేరే పండుగకు. అమెరికా హైస్కూళ్లలో హోంకమింగ్ అని ఏటా ఒక వేడుక జరుగుతుంది. పాత విద్యార్థులు తిరిగొస్తారు, ఫుట్‌బాల్ ఆట, ఊరేగింపు, ఒక రాజూ ఒక రాణీ. డల్లాస్‌లో చదివే మన పిల్లలకు దీని మర్యాదలన్నీ తెలుసు. కోసిగి హోంకమింగ్ ఉగాదికి. ఊరేగింపు లారీల్లో. పాత విద్యార్థులూ ప్రస్తుత విద్యార్థులూ ఒకే మూటమీద కూర్చొని వస్తారు. ఆ వారం ఇంటర్‌బెల్లులో ఉగ్గాని, బజ్జీ ఖర్చు ఈరన్నదే. కూలిడబ్బుల్లో వాడి వంతు అంతవరకు చెల్లుతుంది.

అయితే ఈ పదంలో కాలదోషం దాగి ఉంది. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, పదో తరగతి పరీక్షలు మార్చి 17నే మొదలయ్యాయి. కనుక ఈ శాసనం తొమ్మిదో తరగతికి చెల్లుతుంది గాని పదికి చెల్లదు. పదిలో ఉగాదికి వచ్చినవాడికి సీటు దొరుకుతుంది, హాల్‌టికెట్టు పనికిరాదు. 10 బి లో ఇలాంటి బల్ల ఉంటే దాని మూలం మార్చి రాయాలి: సంక్రాంతికి వస్తాడు, రాకపోతే మేమే పోయి పట్టుకొస్తాం.

పాఠాంతరం: ఆడపిల్లల వరుసలో "ఉగాదికి వస్తాదో రాదో" అని ఒక పాఠం ఉండదగినది. లేఖకప్రమాదమని తోసెయ్యడానికి లేదు. పదిహేనేళ్లు నిండకుండానే పెళ్లి కుదిర్చే ఇళ్లు ఈ వైపు ఇప్పటికీ ఉన్నాయి. వలసపోయిన చోట ఆడపిల్లను గుడిసెలో ఒంటరిగా ఉంచడానికి భయపడి తొందరపడ్డామనే తల్లులూ ఉన్నారు. ఈ పాఠానికి అలంకారం వెతకబోము.

ఎవురూ కూచోరాదు = నిషేధవాక్యం. దీనికి ఒక మినహాయింపు ఉన్నట్టు సంప్రదాయం: కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటివారం చోటు లేకపోతే కూర్చోవచ్చు. వాడు ఆ వారమంతా ఈరన్న గురించి కథలు వినాలి.

ఇంటర్‌బెల్లులో ఉంది = ఏమి ఉంది? కవి చెప్పలేదు. 'తన్నులు' అని అధ్యాహారం చేసుకోవాలి. చెప్పకుండా భయపెట్టడం ధ్వని. చెప్పి ఉంటే హెడ్మాస్టరు గారికి సాక్ష్యం అయ్యేది.

9 బి = కవినామం. ఒక్కడు సంతకం పెట్టకుండా సెక్షన్ అంతా పెట్టింది. ఎ సెక్షన్‌కు ర్యాంకులు, బి సెక్షన్‌కు కబడ్డీ. వార్షికోత్సవంలో డ్యాన్సుకు స్పీకర్లు ఎవరికి ముందు అన్న దగ్గర ఇద్దరికీ విసంధి. ఆటల పోటీలకు ఆదోని పోయిన రోజున మాత్రం ఎ, బి రెండూ లోపించి కోసిగి ఏకాదేశంగా వస్తుంది. ఎమ్మిగనూరు జట్టుమీద రైడుకు పోయిన బి పిల్లవాడికోసం ఎ పిల్లలు గొంతులు పోగొట్టుకుంటారు. తిరుగు బస్సులో మళ్లీ విసంధే.

తాత్పర్యము: జెండా, నినాదం, పాట ఉంటేనే బడి అభిమానమని కొందరు అనుకుంటారు. 9 బి కి అవేవీ లేవు. ఒక ఖాళీ సీటు ఉంది, దానిమీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. బల్ల పాడు చెయ్యడం తప్పే. అయినా ఈ బడి గురించి ఇంత స్పష్టంగా చెప్పే కాగితం ఆఫీసు బీరువాలో ఇంకొకటి దొరకదని మా నిర్ణయం.

కడపటి మనవి: రాష్ట్రమంతటా మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ మొదటిసారి 2024 డిసెంబరు 7న జరిగింది. కోసిగి తల్లిదండ్రుల్లో ఎందరో పరాయి జిల్లాల చేలల్లో ఉండే నెల అది. రెండోది 2025 జులై 10న, అందరూ ఊళ్లో ఉండే కాలంలో జరిగింది. ఇకమీదట తేదీలు ఖాయం చేసే పెద్దలు ఈ పడమటి మండలాలకు జులైనే ఉంచాలి. డిసెంబరులో తప్పదంటే ఒక కుర్చీ మిరపతోటలో కూడా వెయ్యాలి.