సగం చుక్క బాబాయి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం పక్కనైనా సగం చుక్క బాబాయి లేని పేట ఉండదు. ఆయన చొక్కా జేబులో చిన్న మందు ట్యూబు ఒకటి ఉంటుంది. దాని అట్టపెట్టె జేబులో పట్టదని కొన్నచోటే పారేశాడు. కుక్కలకి గోమార్లో, గెంతే పేలో పడితే వీపు మీద వేసే చుక్కల మందది. పక్కింటి పిల్లి చెవి గోక్కుంటూ కనిపిస్తే చాలు, మూత పంటితో కొరికి, “ఏటవుద్దమ్మా? కుక్కకి మొత్తమైతే పిల్లికి సగం. లెక్కే కదా!” అంటాడు. ఫీజు అడగడు, ఓ టీ చాలు. గురజాడ గిరీశం తను కోసేవి కోతలని తెలిసే కోశాడు. బాబాయి తన మాట తనే మనసారా నమ్ముతాడు. అందుకే గిరీశం కంటే ఈయనతోనే ప్రమాదం ఎక్కువ.

ఆయన్ని మొరటువాడని కొట్టిపారేయడం అన్యాయం. తప్పంతా గుణంలో లేదు, గణితంలో ఉంది. పిల్లి అంటే చిన్న సైజు కుక్క అని ఆయన సిద్ధాంతం. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని సులువుగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లి కాలేయంలో అందుకు కావలసిన ఎంజైముల్లో కొన్ని బాగా తక్కువ. సరే, బాబాయి లెక్కే వేద్దాం. 45 శాతం పెర్మెత్రిన్ ఉన్న రెండు మిల్లీలీటర్ల ట్యూబులో సగమంటే 450 మిల్లీగ్రాములు. నాలుగున్నర కిలోల పిల్లికి కిలోకి 100 చొప్పున పడింది. ప్రాణం మీదికి రావడానికి ఆ మాత్రం చాలు. కొన్ని గంటల్లో చెవులు టపటపా కొట్టుకుంటాయి, పంజా విదిలిస్తుంది, చర్మం కింద కండలు అదురుతాయి, ఆపైన వణుకు, ఫిట్లు. “మందు పని సేస్తంది” అని బాబాయి మురిసిపోతాడు. నిజమే, పురుగు నరాల మీద చేయాల్సిన పని పిల్లి నరాల మీద చేస్తోంది.

బాబాయి దగ్గర వాదనలకి కొదవ లేదు. అది చామంతి జాతి పువ్వు సరుకేనంటాడు. ఆ పువ్వులోని రసాయనాన్ని నమూనాగా పెట్టుకుని, ఎండకి చెడిపోకుండా 1973లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైకేల్ ఇలియట్ బృందం తయారుచేసింది పెర్మెత్రిన్. అయినా ఉమ్మెత్తదీ పువ్వే. పెర్మెత్రిన్‌ని గజ్జికి చిన్నపిల్లలకే రాస్తారు కదా అంటాడు. పిల్లలకి జ్వరానికిచ్చే పారాసిటమాల్ కూడా పిల్లికి విషమే, కారణం ఆ కాలేయమే. “మొన్న ఒకదానికేసినాను, ఏటీ కాలేదు” అన్నది ఆయన బ్రహ్మాస్త్రం. మొన్నటి ట్యూబులో ఫిప్రోనిల్ ఉండి ఉండొచ్చు, దానికి పిల్లుల కోసం వేరే మోతాదు తయారీలున్నాయి. పెట్టె లేదు కాబట్టి ఇప్పుడు చెప్పేవాడూ లేడు. ఇక పిల్లుల మందు చిన్న ఊళ్లలో దొరకదన్నది మాత్రం తీసిపారేయలేని మాట. దొరికేదాకా పేల దువ్వెన ఉంది, సబ్బునీళ్ల గిన్నె ఉంది. దువ్విన పురుగుని అందులో ముంచితే సరి. గెంతే పేల గుడ్లూ పిల్లపురుగులూ ఎక్కువగా పిల్లి పడుకునే గోనెపట్టాలోనే ఉంటాయి కనుక ముందు దాన్ని వేడినీళ్లలో ఉతకాలి. ఊళ్లో పశువుల ఆసుపత్రి ఉంది, గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది.

మందు దొరికాక చేయాల్సింది ఏమంత కష్టం కాదు. పిల్లుల కోసమని రాసి ఉండాలి, వయసుకీ బరువుకీ సరిపోవాలి. నాలుక అందని చోట, మెడ వెనక పుర్రె మొదట్లో, బొచ్చు పాయ తీసి చర్మం మీద వేయాలి. ఆరేదాకా మరో పిల్లి నాకకుండా చూడాలి. పెర్మెత్రిన్ వేసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు. పొరపాటున కుక్కల మందే పడితే, ఫిట్లు లేనప్పుడు గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగేసి వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అక్కడ మొదటి ప్రశ్న, ఏ మందు వేశారని. ఆ జవాబు బాబాయి పారేసిన అట్టపెట్టె మీద ఉంది. చదువు రానివాళ్ల కోసం కొన్నిటి మీద పిల్లి బొమ్మకి అడ్డగీత కూడా కొట్టి ఉంటుంది. కాబట్టి బాబాయిని మార్చే శ్రమ వద్దు. పేటవాళ్లంతా తలో పది రూపాయలు వేసుకుని, పెట్టె పట్టేంత జేబుతో ఆయనకో చొక్కా కుట్టిస్తే చాలు.