నైలు మొదట్లో నేనో పడవను

ఉగాండాలోని జింజా ఊళ్లో, విక్టోరియా సరస్సు నుంచి నైలు బయలుదేరే చోట మనుషుల్ని తిప్పే చెక్క పడవను నేను. కంపాలా నుంచి ఎనభై కిలోమీటర్ల దారి. శుక్రవారమో సోమవారమో సెలవు కలిసొస్తే చాలు, జనం ఇటే వస్తారు. ఎక్కినవాళ్లందరూ ఎంత ప్రశాంతంగా ఉందోనంటారు. ఈ ప్రశాంతత నదికి పుట్టుకతో రాలేదనీ, ఆ సంగతి తెలిసినవాళ్లకే ఇక్కడి విశ్రాంతి నిండుగా దక్కుతుందనీ నేనంటాను.

1862లో ఇంగ్లీషు అన్వేషకుడు జాన్ స్పీక్ వచ్చేసరికి ఇక్కడున్నది జలపాతం. నీటికెదురుగా వేల చేపలు ఎగరడం చూశానని రాసుకున్నాడాయన. రిపన్ అని పేరు పెట్టిందీ ఆయనే. దిగువన 1954లో ఓవెన్ ఫాల్స్ ఆనకట్ట వచ్చాక నీటిమట్టం పెరిగి ఆ జలపాతం మునిగిపోయింది. నేనిప్పుడు కుదుపు లేకుండా సాగేది దాని మీదుగానే. పడవవాడు ఇంజను ఆపితే, నల్లమచ్చల తెల్ల లకుముకి పిట్ట గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలిచి, తలకిందులుగా నీళ్లలో పడి చేపతో లేవడం కనిపిస్తుంది. 2012లో ఇంకా దిగువన బుజగలి ఆనకట్ట పూర్తయ్యాక, ఈ ప్రాంతపు బసోగా జనం తరతరాలుగా మొక్కిన అక్కడి జలపాతాలూ నీళ్ల కిందికే వెళ్లాయి. ఊరి నెమ్మదికీ ఇలాంటి కథే ఉంది. మెయిన్ స్ట్రీట్ పాత మేడలు కట్టించిన భారతీయ వర్తకుల్ని 1972లో అప్పటి పాలకుడు ఇడీ అమీన్ దేశం నుంచి వెళ్లగొట్టాడు. ఆ తర్వాత బజారు సందడి పడిపోయింది.

సేదతీరడానికి వచ్చినవాళ్లకు ఈ గొడవంతా ఎందుకని అడగొచ్చు. పని రోజుల్లో ఎవరికీ దేన్నీ నిలబడి చూసే తీరిక ఉండదు. అది దొరికేదే సెలవు కలిసొచ్చిన ఈ మూడు రోజుల్లో. దాన్ని ఫోటోలకే ఖర్చు చేస్తే ఒళ్లు తేలికపడుతుందేమో గానీ, వచ్చిన చోటు మాత్రం పరాయిదిగానే మిగిలిపోతుంది. కరెంటు వద్దా అని ఇంకొకరు అడుగుతారు. అది బలమైన ప్రశ్నే. ఆనకట్ట వల్ల ఊళ్లలో దీపాలు వెలిగాయి, జింజాలో మిల్లులు నడిచాయి. అసలు జలపాతమే ఉంటే ఇక్కడ నాకు పనే లేదు. దాని అంచున ఏ పడవా నిలవదు. అంతగా రుణపడ్డాను గనకే పోయినదాన్ని పేరుపెట్టి తలుచుకోమంటున్నాను. రిపన్ ఎక్కడ దూకేదో చూపించమని పడవవాణ్ణి అడగండి. రెండు నిమిషాల పని, అదీ ఇంజను ఆపించాకే అడగండి.