జాకీ వాడేవారికి కొన్ని సలహాలు

జాకీ పనిచేసే సూత్రం పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు: మూసి ఉంచిన ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని వైపులకూ చేరుతుంది. చదరపు సెంటీమీటరు పిస్టన్ మీద 40 కిలోల బరువు పెడితే, 50 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ 2,000 కిలోలు మోస్తుంది. ఏ చిట్టీలోనూ ఇంత లాభం రాదు. పెద్దది ఒక్క సెంటీమీటరు లేవాలంటే చిన్నది మొత్తం 50 సెంటీమీటర్లు దిగాలి, రాడ్డు అన్నిసార్లు కొట్టేది అందుకే. ఆ సంగతి మాత్రం రాడ్డు కొట్టే షెడ్డు కుర్రాడికి చెప్పకండి, మానేసి పోతాడు.

ఆయిల్ తగ్గితే షెడ్డులో ఏ డబ్బా దొరికితే అది పొయ్యండి. బ్రేక్ ఆయిల్ భేషుగ్గా ఉంటుంది. జాకీలో సీళ్లు మినరల్ ఆయిల్‌కి తగ్గట్టు చేసిన రబ్బరు, బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. ఉబ్బితే ఇంకా బిగుతుగా కూర్చుంటాయని సర్దిచెప్పుకోండి. అదీ లేకపోతే నీళ్లున్నాయి. ఇంగ్లండు ఇంజనీరు బ్రామా 1795లో పేటెంటు తీసుకున్న హైడ్రాలిక్ ప్రెస్సు నీళ్లతోనే పనిచేసింది. తుప్పంటారా, అది వచ్చేసరికి జాకీ ఇంకొకడికి అమ్మేసి ఉంటారు.

లోపల చిక్కిన గాలిని తీయకండి. ఆయిల్ దాదాపు నలగదు, గాలి నలుగుతుంది. మీరు కొట్టిన దెబ్బలన్నీ దాన్ని నొక్కడానికే సరిపోతాయి, బండి ఉన్నచోటే ఉంటుంది, జిమ్ముకి కట్టే డబ్బులు మిగులుతాయి.

జాకీ పక్కన చిన్న స్క్రూ, దాని వెనక స్ప్రింగు, ఉక్కు బాల్ ఉంటాయి. బరువు మితిమీరితే ఆ బాల్ పక్కకి జరిగి ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేస్తుంది. పిరికిది. స్క్రూ బిగించి పారేస్తే 5 టన్నుల జాకీతో 8 టన్నులు లేపొచ్చు, లేచినంతసేపు.

టిప్పర్ తొట్టిని లేపేదీ ఇదే ఆయిల్ ఒత్తిడి. దాని పైపు ఎక్కడ కారుతోందో కనబడకపోతే ఇంజిను ఆపకుండా వేలితో తడమండి. అట్టముక్క అడ్డం పెట్టి చూడటం చాదస్తం. సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని పొడుచుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది ఓ చుక్క, మొదట్లో నొప్పీ అంతగా ఉండదు. ఆసుపత్రికి వెళ్తే వెంటనే ఆపరేషనంటారు, కాబట్టి రెండు రోజులు ఆగండి. అప్పుడు వేలు తీసేయాలంటారు.

స్టాండ్లు పెట్టడం జాకీని అవమానించడమే. బండి కింద దూరి పడుకున్నాక, రిలీజ్ స్క్రూ పట్టుకుని కుర్రాడు “ఇది దేనికన్నా?” అని అడిగితే, తిప్పి చూడమనండి.