బీరువాలో ఎన్ని, ఫోల్డర్‌లో ఎన్ని?

మా రోజుల్లో నక్షాల గదికి ఒక తాళం, ఆ తాళానికి ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఒక రిజిస్టరు ఉండేవి. ఏ షీటు ఏ అరలో ఉంది, ఎవరు పట్టుకుపోయినారు, ఏ తేదీన తెచ్చి ఇచ్చినారు, అన్నీ సంతకాలతో సహా రాసి ఉండేవి. ఏడాదికోసారి స్టాకు వెరిఫికేషన్ జరిగేది. షీట్లు బల్ల మీద పరిచి ఒకరు నంబరు చదివితే ఇంకొకరు టిక్కు పెట్టేవాళ్లు. అరల్లో పెట్టిన నాఫ్తలీన్ ఉండల వాసన సాయంత్రం దాకా చేతులను వదిలేది కాదు.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు నేలను పదహారు టోపోషీట్లుగా విడదీసినారు. అనంతపురం టౌను 57ఎఫ్‌లో పదో షీటులో పడుతుంది. మా గోడకు ఇండెక్స్ షీటు వేలాడేది. మా దగ్గర ఉన్న షీటు గడిలో పెన్సిలు గీత ఉండేది. గీత లేని గడి కనిపిస్తే ఆ షీటు తెప్పించాలని అర్థం. ఎన్ని ఉన్నాయన్నది బీరువా చెప్పేది, ఏది లేదన్నది గోడ చెప్పేది. నక్షాల లెక్కంటే ఈ రెండూ కలిసిందే. ఈ రెండో సగాన్ని ఇప్పుడు వదిలేసినారనే నా కోపమంతా.

ఈ నేలకు లెక్క కొత్త కాదు. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నప్పుడు ఊరూరా, చేను చేనుకూ కొలిపించినాడు. ఆ తర్వాత గొలుసులు పట్టుకుని తిరిగిన సర్వేయర్ల చేను కొలతల పుస్తకాల్లో, అంటే ఎఫ్‌ఎంబీల్లో, సర్వే నంబరుకు ఒక బొమ్మ ఉంటుంది. నడుమ ఒక నంబరు పేజీ చినిగిపోతే, దాటిపోయిన అంకె చూడగానే తెలిసిపోతుంది.

ఇప్పటి కథ చూడండి. ఈమధ్య ఒక ఆఫీసులో పిల్లలు నన్ను పిలిచినారు. కరువు పనికి మండలాల హద్దుల నక్షాలు కావాలి. ఉమ్మడి అనంతపురం జిల్లాకు 63 మండలాలు. కంప్యూటర్ తెరిచి, ఫోల్డర్ చూపించి, ‘సార్, 441 మ్యాపులున్నాయి’ అన్నాడు ఒక పిల్లోడు. రిపోర్టులో కూడా 441 అనే రాసి పెట్టినారు.

‘ఏమప్పా, 63 మండలాలకు 441 హద్దులు ఎట్లొచ్చినాయి?’ అని అడిగితే నా మొహం చూసినాడు.

ఆ హద్దులన్నీ షేప్‌ఫైళ్లుగా ఉన్నాయి. షేప్‌ఫైల్ అనేది పేరుకు ఒక ఫైలే గానీ నిజానికి ఒక గుంపు. గీతలు, ఆకారాలు ఎస్‌హెచ్‌పీలో ఉంటాయి. వాటి వరుస ఎస్‌హెచ్‌ఎక్స్‌లో, ఊరి పేరు, విస్తీర్ణం లాంటి వివరాల పట్టిక డీబీఎఫ్‌లో ఉంటాయి. ఈ మూడూ లేకపోతే నక్షా లేనట్టే. ఏ కొలత పద్ధతిలో గీసినారో పీఆర్‌జే చెబుతుంది, అక్షరాలు ఎట్లా చదవాలో సీపీజీ చెబుతుంది. సీపీజీ పోతే తెలుగులో రాసిన ఊరి పేర్లు పిచ్చి గుర్తులుగా మారే ప్రమాదముంది. తొందరగా వెతకడానికి ఎస్‌బీఎన్, ఎస్‌బీఎక్స్ అని ఇంకో రెండు. మొత్తం ఏడు. 63ను ఏడుతో గుణిస్తే 441. ఎద్దులను, కాడిని, చక్రాలను విడివిడిగా లెక్కేసి ఇన్ని బండ్లున్నాయని రాసినట్టుంది.

పోనీలే, లెక్క సరిపోయింది కదా అన్నారు వాళ్లు. సరిపోలేదు. పేర్లు తీయించి మండలాల జాబితా పక్కన పెట్టి చదివిస్తే అమరాపురం రెండుసార్లు వచ్చింది, ఒకటి మామూలుగా, ఒకటి పేరు చివర కాపీ అని. అగళి అసలు లేదు. కర్ణాటక సరిహద్దున, మడకశిర ప్రాంతంలో ఉన్న మండలం అది. మొత్తం అంకె చక్కగా కుదిరింది, ఒక మండలం మాత్రం మాయమైంది. కరువు మండలాలను ప్రభుత్వం మండలం పేరుతోనే ప్రకటిస్తుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లా మనది. బుడ్డలు ఎండిపోయిన రైతు ఊరు బొమ్మలో లేకపోతే ఆ ఊరి గురించి మాట్లాడేదెవరు?

మొదట పేర్లు తీయమన్నప్పుడు ‘లిస్టు తీయాలంటే పైథాన్ రావాలి సార్, హైదరాబాద్ నుంచి మనిషి రావాలి’ అన్నారు. ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. లెక్కపెట్టడానికి ప్రోగ్రామింగ్ ఎందుకు? ఫోల్డర్ తెరిచి, పైన కుడివైపు వెతికే గడిలో నక్షత్రం గుర్తు, చుక్క, ఎస్‌హెచ్‌పీ అని కొట్టండి. లోపలి ఫోల్డర్లతో సహా వెతికి చూపిస్తుంది, అడుగున ఎన్ని ఉన్నాయో అంకె వస్తుంది. ఊరికే ఎస్‌హెచ్‌పీ అని కొడితే మాత్రం పేరు నడుమ ఆ అక్షరాలున్న ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు కూడా వచ్చి లెక్క చెడగొడతాయి, కాబట్టి చివర ఎస్‌హెచ్‌పీతోనే ముగిసినవా అని ఒకసారి చూసుకోవాలి. తర్వాత అన్నిటినీ ఎంచుకుని, షిఫ్ట్ నొక్కి పట్టి కుడి బటన్ నొక్కితే కాపీ యాజ్ పాత్ అని కనిపిస్తుంది. అది నొక్కి ఎక్సెల్‌లో అతికిస్తే పేర్లన్నీ వరుసగా పడతాయి. పక్క నిలువులో ఉండాల్సిన మండలాల పేర్లు రాసుకుంటే, లేనిదేదో కళ్లకే కనబడుతుంది. మా గోడ మీది ఇండెక్స్ షీటు చేసిన పని ఇదే.

డాస్ కాలం నుంచి ఉన్న డిర్ అనే ఆజ్ఞ కూడా ఇదే పని చేస్తుంది, జాబితాను నేరుగా ఒక ఫైలులోకి రాయించుకోవచ్చు. డబ్బు పెట్టకుండా దొరికే క్యూజీఐఎస్‌లో బ్రౌజర్ తెరిస్తే ఏడు ముక్కల షేప్‌ఫైల్‌ను ఒకే నక్షాగా చూపిస్తుంది. ఇన్ని సౌకర్యాలు పెట్టుకుని అంకె తప్పు రాయడం నాకు మింగుడు పడదు.

జియోప్యాకేజీ అనే ఇంకో రకం ఫైలులోనైతే లెక్క తిరగబడుతుంది. ఒకే ఫైలులో పది నక్షాలు కూర్చోవచ్చు. జీడీబీ అనేదైతే చూడ్డానికి ఫోల్డర్, లోపల అర్థంకాని పేర్లతో ఫైళ్లు. అక్కడ ఫైళ్లు లెక్కపెట్టి లాభం లేదు, తెరిచి లోపలున్న పేర్లు చదవాల్సిందే.

మా కాలం బంగారమని నేననడం లేదు. ట్రేసింగ్ గుడ్డ పసుపురంగు తిరిగి విరిగిపోయేది. చెదలు తిన్న షీట్లతో మళ్లీ దొరకని గీతలెన్నో పోయినాయి. ఒక చెరువు ఆయకట్టు కొలవడానికి ప్లానిమీటరు తిప్పి తిప్పి మెడలు పట్టేసేవి, ఇప్పుడది ఒక నొక్కు పని. ఆ మాట వంద సార్లు ఒప్పుకుంటా. కానీ పని సులువైన కొద్దీ పేరు చదివే ఓపిక తగ్గింది. పెన్‌డ్రైవ్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే ఎక్కించి పంపుతారు, డీబీఎఫ్ ఇక్కడే ఉండిపోతుంది. అవతల ఊర్లు కనిపించినా పేర్లుండవు. మా కాలంలో షీటు ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చినామో, ఏవి ఇచ్చినామో రాసి సంతకం తీసుకోకుండా గది దాటనిచ్చేవాళ్లం కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయింది. 31 మండలాలు అనంతపురానికి, 32 మండలాలు శ్రీ సత్యసాయికి పోయినాయి. అగళి, అమరాపురం ఇప్పుడు సత్యసాయి జిల్లావి. అయినా చాలా కంప్యూటర్లలో ఫోల్డర్ పేరు అనంతపురమే. ఏది పాత హద్దు, ఏది కొత్త హద్దు అని తెలియకుండా రెండూ ఒకే చోట పడి ఉన్నాయి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేతో చేను చేనుకూ కొత్త పటాలు వచ్చి చేరుతున్నాయి కాబట్టి ఈ గుట్ట ఇంకా పెరిగేదే.

నక్షాల పని చేసే పిల్లలకు నేను అడిగేది ఒక్కటే. మీ దగ్గరున్న ప్రతి ఫోల్డర్‌లో ఒక జాబితా పెట్టండప్పా. ఉన్న నక్షాల పేర్లు ఒక నిలువులో, ఉండాల్సిన పేర్లు పక్క నిలువులో, చూసిన తేదీ, చూసినవాళ్ల పేరు కింద. ఆ జాబితా లేని ఫోల్డర్‌ను ఇంకొకరికి పంపొద్దు, ఇంకొకరు పంపితే తీసుకోవద్దు.